సర్చూ దాటాక నీళ్లెక్కడ?

మనాలి నుంచి లేహ్ వరకు సైకిల్ మీద వెళ్లాలనుకుంటున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తిండి గురించి, నీళ్ల గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: జూలై చివరి వారంలో నేనూ నా మిత్రుడూ సైకిళ్ల మీద మనాలి నుంచి లేహ్‌కు బయలుదేరుతున్నాం. పది రోజులు పెట్టుకున్నాం. దారి పొడవునా ఢాబాలు ఉంటాయి కనుక జేబులో డబ్బులుంటే చాలునని ఒకరు, పది రోజుల సరుకులూ మోసుకువెళ్లక తప్పదని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? నీళ్లు ఎన్ని లీటర్లు పెట్టుకోవాలి? (ఒక పాఠకుడు, హన్మకొండ)

సమాధానం: ఇద్దరి మాటలోనూ సగం సగం నిజముంది. రోహ్తాంగ్ కనుమ మీదుగా లెక్కిస్తే ఈ దారి సుమారు 475 కిలోమీటర్లు. మనాలి నుంచి దార్చా వరకు ఉన్న 145 కిలోమీటర్లలోనూ, చివర రుమ్‌త్సే నుంచి లేహ్ వరకు ఉన్న 80 కిలోమీటర్లలోనూ ఊళ్లున్నాయి, కొట్లున్నాయి, వేడి అన్నం పెట్టేవాళ్లున్నారు. మధ్యలో మిగిలిన 250 కిలోమీటర్లలో ఏడాది పొడవునా జనం కాపురముండే ఊరంటూ లేదు. వేసవిలో జింగ్‌జింగ్‌బార్, భరత్‌పూర్, సర్చూ, విస్కీ నాలా, పాంగ్, దేబ్రింగ్‌లలో వెలిసే టెంటు ఢాబాలే దిక్కు. జూలై చివర ఇవన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి పప్పన్నం, రాజ్మా, ఆమ్లెట్, మ్యాగీ, టీ, రాత్రికి మంచం, మందపాటి రజాయి దొరుకుతాయి. అందువల్ల మీరు ప్రణాళిక వేసుకోవలసింది పది రోజులకు కాదు, ఆ నడుమ నాలుగైదు రోజులకు మాత్రమే.

నీళ్ల లెక్కను కిలోమీటర్లలో వేసుకోవద్దు, గంటల్లో వేసుకోండి. హైదరాబాదు చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్లంటే గంట పని. సర్చూ నుంచి పాంగ్‌కు వెళ్లే దారిలో అదే ఇరవై కిలోమీటర్లు పూట పని అవుతుంది. సర్చూ దాటాక సుమారు పాతిక కిలోమీటర్ల వరకు రోడ్డు నది వెంటే సాగుతుంది గనుక నీళ్లకు కరువుండదు. ఆ తర్వాత గాటా లూప్స్ మొదలవుతాయి. 21 హెయిర్‌పిన్ మలుపులు, ఆపైన నకీ లా కనుమ (ఆ ప్రాంతపు భాషలో ‘లా’ అంటేనే కనుమ), దానికి అవతలి దిగుడులో విస్కీ నాలా. లూప్స్ అడుగు నుంచి నకీ లా పైకి చేరేదాకా నమ్ముకోదగిన నీరు లేదు. సామాను కట్టిన సైకిల్ ఆ ఎత్తులో గంటకు అయిదారు కిలోమీటర్లకు మించి ఎక్కదు కనుక అది సుమారు నాలుగు గంటల ఎక్కుడు. గంటకు ముప్పాతిక లీటరు చొప్పున మూడు లీటర్లు, సైకిల్ చెడిపోయినా గాలివాన వచ్చి ఆగిపోయినా పనికివచ్చేలా మరో లీటరు: మనిషికి నాలుగు లీటర్లు నింపుకున్నాకే మొదటి మలుపు ఎక్కండి. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు, నిజమే. అయితే ఆ బరువు గంట గంటకూ తరిగిపోయే బరువు.

ఆ మలుపుల్లో ఒకచోట రాళ్లతో కట్టిన చిన్న గుడిలాంటిది ఉంటుంది. దాని చుట్టూ నీళ్ల సీసాలు కుప్పలుగా పడి ఉంటాయి. మంచులో చెడిపోయిన లారీకి కాపలాగా ఉండిపోయి, సాయం అందక చనిపోయిన క్లీనరు దాహంతో అక్కడే తిరుగుతున్నాడని డ్రైవర్లు చెప్పుకుంటారు. వచ్చేపోయేవాళ్లు అతనికి నీళ్లు పెట్టి వెళతారు. కథను నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, కాని దారిన పోయేవాళ్లు నీళ్లు పెట్టే చోటు ఎక్కడుందో గమనించండి.

రెండో ఎండు మేర పాంగ్ తర్వాత వచ్చే మోరే మైదానం. ఇది 4,600 మీటర్లకు పైన దాదాపు 40 కిలోమీటర్లు బల్లపరుపుగా సాగుతుంది. చదునుగా ఉంది కదా అని మోసపోకండి. నీడ లేదు, నీళ్లు లేవు, మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. పొద్దున్నే పాంగ్‌లో మూడు లీటర్లు నింపుకుని బయలుదేరితే గాలి లేవకముందే దేబ్రింగ్ చేరవచ్చు. మిగతా చోట్ల రెండు లీటర్లు చాలు. కాబట్టి సీసాలు రెండు లీటర్లకు, ఖాళీ అయితే చుట్ట చుట్టి పెట్టుకునే సంచి మరో రెండు లీటర్లకు ఉంటే సరిపోతుంది. సైకిల్ అడుగు గొట్టానికి తగిలించే సీసాకు మూత మీద మూత ఉండేలా చూసుకోండి. రోడ్డు మీద బురదతో పాటు మేకల మందలు వదిలినది కూడా ముందు చక్రం ఎగజిమ్మి సరిగ్గా ఆ సీసా మూతి మీదే చేరుస్తుంది.

ఇక తిండి. రోజంతా కనుమలు ఎక్కే మనిషికి సుమారు 4,000 కెలోరీలు కావాలి. ఢాబాలో మూడు పూటలా తిన్నా అందులో సగానికి కొంచెం పైన మాత్రమే అందుతుంది, ఎందుకంటే ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. మిగిలిన లోటు సైకిల్ మీద ఉండగా కొంచెం కొంచెంగా పూడ్చుకోవాలి. పల్లీపట్టీ వంద గ్రాములకు దాదాపు 500 కెలోరీలు ఇస్తుంది కనుక అలాంటి తిండి రోజుకు 400 గ్రాములుంటే చాలు. దార్చా నుంచి రుమ్‌త్సే వరకు అయిదు రోజులు, కొండచరియ విరిగి రోడ్డు మూసేస్తే గడవడానికి ఇంకొక రోజు, మొత్తం ఆరు రోజులకు మనిషికి సుమారు రెండున్నర కిలోలు. దీనిని మనాలి నుంచి మోయకండి. దార్చాకు ముందు వచ్చే కేలాంగ్ లాహౌల్–స్పితి జిల్లా కేంద్రం, సరుకులకు అదే చివరి చెప్పుకోదగ్గ బజారు. గ్లూకోజు బిస్కట్లు, ఎండు ఖర్జూరాలు, వేరుశనగలు, బెల్లం అక్కడే కొనండి. రుమ్‌త్సే వరకు సరిపడా నగదు కూడా అక్కడే తీసుకోండి.

ఒక్క సవరణ. మీ పది రోజుల్లో విశ్రాంతి రోజులు ఎక్కడ పెట్టుకున్నారో రాయలేదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెబుతారు. దార్చా నుంచి జింగ్‌జింగ్‌బార్‌కు ఒక్కసారిగా 900 మీటర్లు పెరుగుతుంది. అందుకని అదనపు రాత్రులను కేలాంగ్‌లోనో, కేలాంగ్‌కూ దార్చాకూ మధ్య ఉన్న జిస్పాలోనో గడపండి. ఊళ్లో ఉన్న రోజు తిండి కొట్లోంచి వస్తుంది, సంచిలోంచి కాదు.

ప్రశ్న: హిమాలయాల్లో మంచు కరిగి వచ్చే నీరు స్వచ్ఛమైనదే కదా, నేరుగా తాగవచ్చునా? ఫిల్టరు మంచిదా, క్లోరిన్ బిళ్లలు మంచివా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

సమాధానం: నేరుగా తాగవద్దండీ. చూడడానికి అద్దంలా ఉన్న ప్రతి వాగుకూ ఎగువన మేకలో, గుర్రాలో, టెంట్లలో బస చేసిన మనుషులో ఉంటారు. రెండూ దగ్గర పెట్టుకొమ్మని నా సలహా, ఎందుకంటే ఒకదాని లోపం మరొకటి తీరుస్తుంది. మామూలు ట్రెక్కింగ్ ఫిల్టరు బ్యాక్టీరియానూ, జియార్డియా వంటి పరాన్నజీవులనూ ఆపుతుంది కాని వైరస్‌లను ఆపలేదు. క్లోరిన్ బిళ్ల వైరస్‌లను చంపుతుంది కాని క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి దానికి లొంగదు. పైగా నీరు చల్లగా ఉంటే బిళ్ల పనిచేయడానికి మామూలుగా చెప్పే అరగంట చాలదు, గంటైనా ఉంచాలి. ఫిల్టరులోని సన్నని గొట్టాలలో తడి గడ్డకడితే అవి చిట్లిపోతాయి, చిట్లిన సంగతి పైకి కనబడదు. అందుచేత రాత్రిపూట నీళ్లు విదిలించి, సంచిలో చుట్టి, మీ రజాయిలోనే పెట్టుకుని పడుకోండి.

వాగు నీరు పొద్దున పట్టుకోవడం మేలు. మధ్యాహ్నం ఎండకు మంచు ఎక్కువగా కరిగి ప్రవాహం పెరుగుతుంది, నీరు బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ ఒండ్రు ఫిల్టరును పూడ్చేస్తుంది. తప్పనిసరైతే గిన్నెలో పట్టి కాసేపు తేరనిచ్చి పైతేట వడకట్టుకోండి. ఢాబాలో అడిగితే మరిగించిన నీళ్లు పోస్తారు. 4,500 మీటర్ల ఎత్తులో నీరు దాదాపు 85 డిగ్రీలకే తెర్లుతుంది. అందుకని తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఆగమనండి.

ప్రశ్న: మా అబ్బాయి ఈ యాత్రకు వెళుతున్నాడు. సకినాలు, అరిసెలు, సున్నుండలు చేసి ఇస్తానంటే బరువంటున్నాడు. ఏవి పనికివస్తాయి? (ఒక తల్లి, కరీంనగర్)

సమాధానం: అమ్మా, సకినాలు మాత్రం వద్దు. అవి చోటు ఆక్రమిస్తాయి, గతుకుల్లో సాయంత్రానికి పిండి అవుతాయి. అరిసెలు, సున్నుండలు, నువ్వుండలు భేషుగ్గా పనికివస్తాయి; బెల్లం, నెయ్యి, పప్పు కలిసినవి కాబట్టి తక్కువ బరువులో ఎక్కువ బలం ఉంటుంది. సున్నుండలు కాస్త చిన్నవిగా చుట్టండి. అక్కడి చలికి నెయ్యి పేరుకుని రాళ్లలా గట్టిపడతాయి. అప్పుడు నోట్లో పెట్టుకుని చప్పరించదగిన పరిమాణంలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా వంద గ్రాముల కందిపొడి, కొంచెం కరివేపాకు కారం పొట్లం కట్టి ఇవ్వండి. నాలుగో రోజుకు రాజ్మా అన్నం గొంతు దిగనప్పుడు ఆ చిటికెడు పొడే పళ్లెం ఖాళీ చేయిస్తుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా రోజుకొకటి చొప్పున పెట్టండి, ఒట్టి నీళ్లే తాగుతూ చెమటోడిస్తే ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది.

ప్రశ్న: సెలవు దొరకక సెప్టెంబరు చివర వెళుతున్నాను. ప్రణాళికలో ఏమైనా మార్చాలా? (ఒక పాఠకుడు, బెంగళూరు)

సమాధానం: దాదాపు అంతా మార్చాలి. రోడ్డు తెరిచి ఉండడం వేరు, టెంట్లు ఉండడం వేరు. నేను ఒకసారి జూలైలో రాసుకున్న జాబితానే పట్టుకుని సెప్టెంబరు చివర వెళ్లాను. వేడి టీ గురించే ఆలోచిస్తూ పొద్దువాలేవేళకు చేరిన చోట ఢాబా లేదు. టెంటు అంచులకు బరువుగా పెట్టిన రాళ్ల వలయం, మధ్యలో మసిబారిన మట్టి మాత్రం ఉన్నాయి. ఆ రాత్రి ఒక లారీ డ్రైవరు తన మూటలోంచి రెండు రొట్టెలు, పచ్చిమిరపకాయ ఇచ్చాడు కాబట్టి గడిచింది.

ఆ కాలంలో దార్చా దాటితే తిండంతా మీ దగ్గరే ఉండాలి, పొయ్యి కూడా ఉండాలి. గ్యాస్ డబ్బాలను విమానంలో చేతిసంచిలోనూ, లగేజీలోనూ ఒప్పుకోరు గనుక మనాలిలో కొనుక్కోండి. బియ్యం, పప్పు పెట్టుకోకండి. కుక్కరు లేకుండా ఆ ఎత్తులో ఉడకవు, గ్యాసు మాత్రం అయిపోతుంది. అటుకులు, నూడుల్స్, వేయించిన ఉప్మా రవ్వ చాలు. రాత్రి సీసాలను తలకిందులుగా నిలబెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి పొద్దున మూతివైపు నీరుగానే ఉంటుంది. పొయ్యి మీద పెట్టవలసిన నీళ్లను రాత్రే గిన్నెలో పోసుకోండి. దార్చా వదలకముందే లేహ్ వైపు నుంచి దిగివస్తున్న లారీ డ్రైవర్లను ఇద్దరు ముగ్గురిని ఆపి, ఏ చోట టెంటు ఉంది, ఎక్కడ ఎత్తేశారు అని పేరుపేరునా అడిగి కాగితం మీద రాసుకోండి. సర్చూలోనూ పాంగ్‌లోనూ ఎత్తేశారని ఇద్దరు చెబితే మరో రెండు రోజుల తిండి కోసం కేలాంగ్‌కు ముప్పై కిలోమీటర్లు వెనక్కి వెళ్లిరండి.