రొయ్యల ప్లాంటులో గ్యాస్ లీకయ్యాక ముందు ఎవరితో మాట్లాడాలి?

ఒంగోలు దగ్గర మీ రొయ్యల ప్లాంటులో అమ్మోనియా లీకై కూలీలు ఆసుపత్రి పాలైతే, అన్నీ తేలేదాకా నోరు మెదపవద్దని యాజమాన్యం అంటోందని, ప్రజా సంబంధాల అధికారిగా ఏం చేయాలని అడిగారు. మీరు ఊరుకున్నా వాట్సాప్ ఊరుకోదు కనుక, ఎందరిని ఏ ఆసుపత్రిలో చేర్చారో, లీకు ఆగిందో లేదో, మళ్లీ వివరాలు ఎన్ని గంటలకు ఇస్తారో చెప్పే నాలుగు వాక్యాల ప్రకటనను వెంటనే విడుదల చేయండి. కారణాన్ని మాత్రం ఊహించి చెప్పవద్దు. అంతకన్నా ముందు కూలీల ఇళ్లకు ఫోన్లు వెళ్లాలి, ఎందుకంటే తమవాళ్ల సంగతి టీవీ స్క్రోలింగులో చూసి గేటు దగ్గరికి వచ్చినవారికి ఏ ప్రకటనా ఎక్కదు. యాజమాన్యం ఇంకా తటపటాయిస్తే 1982 నాటి టైలెనాల్ అనే నొప్పి మందు ఉదంతం చూపండి: చికాగో ప్రాంతంలో ఎవరో సైనైడ్ కలిపిన మాత్రలు మింగి ఏడుగురు చనిపోగా, దాన్ని అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది. విలేకరులతో ఒక్కరే మాట్లాడాలి. షిఫ్టు సూపర్‌వైజరు గేటు దగ్గర మరో మాట చెప్పకుండా చూసుకోండి.