సొంత బ్లాగు: సరిహద్దు జిల్లాల పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సొంత హోస్టింగ్ మీద, అంటే మన ఆధీనంలో ఉండే సర్వర్ మీద, బ్లాగు నడుపుకోవడం గురించి గత సంచికలో రాసిన తరువాత గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచీ, అటు గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల నుంచీ చాలా ఉత్తరాలు వచ్చాయి. బడిలో ఒడియానో మరాఠీనో చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వారు తమ రాతను తమ చేతిలోనే ఉంచుకోవాలని ఇంత పట్టుదల చూపడం నాకెంతో సంతోషం కలిగించింది. ఎక్కువమందికి పనికివస్తాయనుకున్న ఆరు ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. సవర పదాలను తెలుగు అర్థాలతో నా వర్డ్‌ప్రెస్ (బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్) బ్లాగులో పెడుతున్నాను. ఇన్నేళ్లూ సవర మాటలను తెలుగు లిపిలోనే రాశాను. ఇటీవల ఒక సవర విద్యార్థి సాయంతో పక్కనే సవర భాష సొంత లిపి అయిన సొర సొంపెంగ్‌లోనూ రాయడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి సేవ్ చేయబోతే ‘అప్‌డేటింగ్ ఫెయిల్డ్’ అని వస్తోంది. ఆ అక్షరాలు తీసేస్తే మామూలుగానే సేవ్ అవుతోంది. (పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లోనే ఉపాధ్యాయులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చారు. అదే ఊళ్లో ఆ పనిని మీరు ముందుకు తీసుకువెళుతున్నారు గనుక, దీనికి జవాబు కొంచెం వివరంగా రాస్తాను. లోపం మీ టైపింగులో లేదు, వ్యాసాలు దాచే డేటాబేసులో ఉంది.

యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను కంప్యూటరు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో బైట్లుగా, అంటే నిల్వకు వాడే చిన్న ముక్కలుగా, మార్చి దాచుకుంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగు, ఒడియా, దేవనాగరి అక్షరాలకు మూడేసి బైట్లు పడతాయి. మంగేయ్ గొమాంగో 1936లో రూపొందించిన సొర సొంపెంగ్ లిపి యూనికోడ్‌లోకి 2012లో, 6.1 వెర్షన్‌తో వచ్చింది; దానికి చోటు మొదటి 65,536 సంఖ్యలకు అవతల దొరికింది కాబట్టి ఒక్కో అక్షరానికి నాలుగు బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ‘యూటీఎఫ్8’ అన్న పేరుతో చాలాకాలంగా ఉన్న అమరిక మూడు బైట్ల వరకే పట్టించుకుంటుంది. ఇన్నేళ్లూ మీ తెలుగుకు ఏ ఇబ్బందీ రాకపోవడానికీ, సవర లిపి చేరగానే బ్లాగు మొండికేయడానికీ కారణం ఈ ఒక్క బైటు తేడాయే. వర్డ్‌ప్రెస్ మీ వ్యాసాన్ని పాడు కానివ్వకుండా సేవ్ చేయడమే మానుకుంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలోనైతే ఆ అక్షరం దగ్గరి నుంచి మిగతా వ్యాసమంతా చెప్పాపెట్టకుండా తెగిపోయేది.

నాలుగు బైట్లనూ పట్టే అమరిక పేరు ‘యూటీఎఫ్8ఎంబీ4’. వర్డ్‌ప్రెస్ 2015 నాటి 4.2 వెర్షన్ నుంచి, డేటాబేసు అనుమతిస్తే, దీన్నే వాడుతోంది. మీ బ్లాగు అంతకన్నా పాతదైనా కావచ్చు, పాత సర్వర్ నుంచి తెచ్చిన పట్టికలు అలాగే మిగిలిపోయినా ఉండవచ్చు. ముందుగా డేటాబేసు మొత్తాన్ని బ్యాకప్ తీసుకోండి. అది మీ కంప్యూటర్‌లోకి దిగిందని చూసుకున్నాకే తరువాతి అడుగు వేయండి. హోస్టింగ్ ప్యానెల్‌లోని పీహెచ్‌పీమైఅడ్మిన్ (డేటాబేసును చూసి మార్చే సాధనం) తెరిచి, వ్యాసాలుండే ‘పోస్ట్స్’ పట్టికను ఎంచుకుని, ‘ఆపరేషన్స్’ ట్యాబ్‌లో కొలేషన్‌ను (అక్షరాలను పోల్చి వరసపెట్టే పద్ధతిని) ‘యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_సీఐ’గా మార్చండి. అక్కడే అన్ని కాలమ్‌లకూ వర్తింపజేయమనే గడి కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టకపోతే పట్టిక పేరుకు మాత్రం మారి, లోపలి కాలమ్‌లు పాతవిగానే ఉండిపోతాయి. మిగిలిన పట్టికలకూ ఇలాగే చేసి, చివరగా వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేసు క్యారెక్టర్ సెట్ (అక్షరాల అమరిక) దగ్గర ఇదే పేరు రాయండి. పాత సర్వర్లలో ‘కీ’ (ఇండెక్స్, అంటే డేటాబేసు త్వరగా వెతకడానికి వాడే సూచిక) పొడవు 767 బైట్లు మించిందన్న సందేశం రావచ్చు. 255 అక్షరాల ఇండెక్స్‌కు నాలుగేసి బైట్ల చొప్పున 1020 బైట్లు కావాలి గనుక అలా వస్తుంది. ఆ ఇండెక్స్‌ను 191 అక్షరాలకు తగ్గిస్తే 764 బైట్లతో సరిపోతుంది.

మరొక మాట. చాలా ఫోన్లలో సొర సొంపెంగ్ ఫాంట్ ఉండదు కాబట్టి పాఠకులకు ఖాళీ గళ్లు కనిపిస్తాయి. నోటో సాన్స్ సొర సొంపెంగ్ ఫాంట్ ఉచితం. దాన్ని మీ సర్వర్‌లోనే పెట్టి థీమ్‌కు (బ్లాగు రూపురేఖలను నిర్ణయించే ఫైళ్లకు) జతచేయండి. తెలుగు లిపిలో రాసిన సవర రూపాన్ని మాత్రం తీసేయకండి. ఆ పదాలను వెతికేవారిలో చాలామంది తెలుగు లిపిలోనే వెతుకుతారు.

ప్రశ్న: హోస్టింగ్ కంపెనీ మార్చాను. కొత్త చోట నా కథలు కొన్ని పూర్తిగా ప్రశ్నార్థకాలుగా, మరికొన్ని పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. పదేళ్ల రాత పోయినట్టేనా? (జయపురం)

జవాబు: పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నవి పోలేదు, ముందు ఆ ధైర్యంతో ఉండండి. తెలుగు అక్షరం ఏదైనా సరే, దాని మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే. రెండోది రెండింటిలో ఒకటి. ఆ బైట్లను పాత లాటిన్ పద్ధతిలో చదివితే మొదటిది నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఎ’గా, రెండోది డిగ్రీ గుర్తుగానో, కూడిక కింద తీసివేత ఉన్న గుర్తుగానో కనిపిస్తుంది. పేజీ నిండా ఈ గుర్తులే వరసగా ఉంటే బైట్లు చెక్కుచెదరలేదనీ, వాటిని చదివే పద్ధతే తప్పిందనీ అర్థం. పాత డేటాబేసును ఏ క్యారెక్టర్ సెట్‌తో ఎగుమతి చేశారో, కొత్త చోట దేనితో దిగుమతి చేశారో రెండూ పోల్చి, సరైన దానితో మళ్లీ దిగుమతి చేస్తే మీ కథలు తిరిగి వస్తాయి.

ప్రశ్నార్థకాల సంగతి వేరు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో చూసినప్పుడు కూడా అవే కనిపిస్తే, తెలుగు పట్టని పట్టికలోకి తెలుగు వెళ్లి, ప్రతి అక్షరం చోటా ఒక్క ప్రశ్నార్థకమే మిగిలిందన్నమాట. కొత్త చోట ఉన్న ఆ ప్రతిని ఎవరూ బాగుచేయలేరు. పాత హోస్టింగ్ గడువు ఇంకా ఉంటే ఈ రోజే అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4తో మరొకసారి ఎగుమతి చేయండి. గడువు తీరిపోయి ఉంటే వారికి వెంటనే ఫోన్ చేసి బ్యాకప్ అడగండి, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. దించుకున్న ఫైల్‌ను మామూలు ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేయడం మాత్రం వద్దు. అక్కడా ఎన్‌కోడింగ్ మారిపోవచ్చు. కొత్త చోట పాత కథలన్నీ కళ్లారా చదివి చూసుకునే దాకా, కనీసం ఒక నెలపాటు, పాత హోస్టింగ్‌ను వదులుకోకూడదు.

ప్రశ్న: ‘ప్రాణహిత ఒడ్డున మా ఊరి జాతర’ అని వ్యాసం పెడితే లింకులో చివరి మాట ‘జా’ దగ్గర ఆగిపోయింది. వాట్సాప్‌లో పంపితే మూరెడు పొడవున శాతం గుర్తులు వస్తున్నాయి. (సిరోంచ)

జవాబు: వెబ్ చిరునామాలో తెలుగు అక్షరం ప్రతి బైటుకూ ఒక శాతం గుర్తుతో, మూడు బైట్లకు తొమ్మిది గుర్తులుగా మారుతుంది. గుణింతాలూ పొల్లూ కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో లింకులోని ఆ భాగానికి 200 గుర్తుల చోటే ఉంది. మీ శీర్షికలో ‘జా’ వరకు 193 గుర్తులయ్యాయి. ‘త’ చేరితే 202 అవుతాయి కాబట్టి అక్కడే తెగింది. ప్రచురించేముందు ‘స్లగ్’ (లింకులోని ఆ భాగం) గడిలో ఇంగ్లీషు అక్షరాలతో ‘ప్రాణహిత-జాతర’ అని పొట్టిగా రాసుకోండి. పాత వ్యాసాలకు ఇప్పుడు మార్చినా ఫరవాలేదు; వర్డ్‌ప్రెస్ వ్యాసాల పాత లింకులను గుర్తుపెట్టుకుని కొత్తదానికి మళ్లిస్తుంది. విడి పేజీలకు మాత్రం ఆ సదుపాయం లేదు.

ప్రశ్న: తెలుగూ మరాఠీ కలిపి రాస్తున్నాను. పల్లెల్లో ఫోన్లలో పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందనీ, తెలుగు ఒత్తులు కింది వరుసతో కలిసిపోతున్నాయనీ చదివేవారు అంటున్నారు. (బల్లార్షా)

జవాబు: ముందు ఫొటోల సంగతి చూడండి. ఫోన్‌లో తీసిన 4 ఎంబీల ఫొటోను అలాగే ఎక్కిస్తే ఎంత మంచి హోస్టింగైనా ఏమీ చేయలేదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, ఫొటోను తక్కువ సైజులో దాచే వెబ్‌పీ రూపంలో పెట్టండి. వర్డ్‌ప్రెస్ 2021 నాటి 5.8 నుంచి దాన్ని తీసుకుంటోంది. తెలుగు ఫాంటునూ దేవనాగరి ఫాంటునూ వేర్వేరు ఫైళ్లుగా ఉంచి, సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్దేశించే కోడ్‌లో) ఒక్కోదానికి ‘యూనికోడ్-రేంజ్’ (ఆ ఫాంటు ఏ అక్షరాలకో) రాస్తే, పేజీలో మరాఠీ లేనప్పుడు ఆ ఫాంటు దిగదు.

ఒత్తుల బాధ దాదాపు ప్రతి విదేశీ థీమ్‌లోనూ ఉంటుంది, ఎందుకంటే అవి కిందికి వేలాడే ఒత్తులు లేని లిపిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. వరుసల మధ్య ఎడాన్ని, అంటే ‘లైన్-హైట్’ను, 1.7కు పెంచండి, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలు రెండు వరుసల్లో పైకీ కిందికీ వచ్చేలా రాసి చూస్తే ఎంత కావాలో మీకే తెలుస్తుంది. శీర్షికల్లో ‘లెటర్-స్పేసింగ్’ ఉంటే సున్నా చేయండి, లేకపోతే అక్షరాలు దూరదూరంగా పడి మాట చెదిరిపోతుంది. అసలు వ్యాసానికి మండలి లేదా నోటో సాన్స్ తెలుగు బాగుంటాయి; రామభద్ర వంటి బొద్దు ఫాంటును శీర్షికలకే ఉంచండి.

ప్రశ్న: హోస్టింగ్‌కు డబ్బు పెట్టకుండా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద బ్లాగు పెట్టాను. ఇంట్లో బాగానే తెరుచుకుంటోంది, బయటివారికి తెరుచుకోవడం లేదు. రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) తెరిచినా లాభం లేదు. (రాయగడ)

జవాబు: రౌటర్ పేజీలో ‘వాన్ ఐపీ’ (ఇంటర్నెట్ సంస్థ రౌటర్‌కు ఇచ్చే చిరునామా) అన్న చోట ఏముందో చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య సంఖ్యలతో మొదలైతే, మీ ఇంటర్నెట్ సంస్థ ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తోందన్నమాట. బయటి నుంచి వచ్చినవారికి మీ ఇంటి తలుపు ఏదో తెలిసే దారి లేదు కాబట్టి, మీరు ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం ఉండదు. సంస్థను స్థిర ఐపీ అడగవచ్చు, లేదా క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ వంటి సేవతో ఇంటి నుంచే బయటికి దారి వేసుకోవచ్చు. స్థిర ఐపీ తీసుకుంటే భద్రతా సర్టిఫికెట్‌ను మీరే చూసుకోవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులే పనిచేస్తుంది, గడువు దగ్గరపడిందని హెచ్చరించే ఈ-మెయిళ్లను వారు 2025 జూన్‌లో ఆపేశారు. అందువల్ల ఆ సర్టిఫికెట్‌ను పునరుద్ధరించే ‘సెర్ట్‌బాట్’ను డ్రై-రన్ (నిజంగా మార్చకుండా చేసి చూసే) పద్ధతిలో అప్పుడప్పుడు నడిపి, పునరుద్ధరణ జరుగుతోందో లేదో పరీక్షించుకోండి.

నా అభిప్రాయం అడిగితే, ఇంటి పెట్టెను ప్రయోగాలకూ బ్యాకప్‌కూ ఉంచి, జనం చదివే బ్లాగును చిన్న అద్దె సర్వర్ మీద పెట్టడం మేలు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మెమరీ కార్డు మీద రాత పాడయ్యే ప్రమాదం ఉంది. అంతకన్నా పెద్ద సంగతి, బ్యాకప్ ఎక్కడ ఉందన్నది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో మా గది కిటికీ ఊడి, కంప్యూటరూ, దాని పక్కనే సొరుగులో దాచిన బ్యాకప్ డిస్కూ ఒకే వానలో తడిసిపోయాయి. మూడేళ్ల వ్యాసాల్లో నాకు తిరిగి దొరికినవి మిత్రులు ప్రింటు తీసి ఉంచుకున్న పదకొండే. అప్పటి నుంచి ఒక ప్రతిని వేరే ఊళ్లో బంధువుల ఇంట ఉంచుతున్నాను. ఆరు నెలలకోసారి దాన్ని తెప్పించి, ఖాళీ కంప్యూటర్‌లో ఎక్కించి, బ్లాగు తెరుచుకుంటోందా అని చూసుకుంటాను.

ప్రశ్న: మా నాన్నగారు నేసే బరంపురం పట్టు చీరల అంచుల గురించి బ్లాగు నడుపుతున్నాను. తయారుచేసి ఇచ్చినవారు ఊరు మారిపోయారు. డొమైన్ (బ్లాగు చిరునామా పేరు) గడువు వచ్చే నెలలో తీరుతోంది, నా దగ్గర పాస్‌వర్డ్ ఏదీ లేదు. (బరంపురం)

జవాబు: అమ్మా, ఆన్‌లైన్‌లో ‘హూఈజ్’ సేవలో మీ డొమైన్ పేరు వెతికి, అది ఏ రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు నమోదు చేసే సంస్థ) దగ్గర ఉందో ముందు తెలుసుకోండి. యజమాని పేరు అక్కడ దాచి ఉంచినా, రిజిస్ట్రార్ పేరూ గడువు తేదీ కనిపిస్తాయి. తయారుచేసినవారిని ఫోన్‌లో అడగడంతో సరిపెట్టక, ఈ-మెయిల్‌లో రాసి అడగండి: గడువు పొడిగించమనీ, డొమైన్‌ను మీ పేరిట తెరిచిన ఖాతాలోకి మార్చమనీ. రిజిస్ట్రార్ అదే అయితే ఖాతా నుంచి ఖాతాకు మార్చడం తేలిక. వేరే రిజిస్ట్రార్‌కు తీసుకువెళ్లాలంటే తయారుచేసినవారు ‘ఆథ్ కోడ్’ (బదిలీకి కావలసిన రహస్య సంకేతం) ఇవ్వాలి. గడువు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ముందు పొడిగించుకుని, మార్పు సంగతి ఆ తరువాత చూసుకోవడం క్షేమం. వారు పలకకపోతే, మీరు డబ్బు చెల్లించిన రసీదులూ, బ్యాంకు వివరాలూ జతచేసి రిజిస్ట్రార్‌కే రాయండి.

ఈలోగా బ్లాగులో మీకు లాగిన్ ఉంటే, ‘టూల్స్’లోని ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కి వ్యాసాలన్నీ దించుకోండి. ఆ ఫైల్‌లో ఫొటోలు రావు. చీర అంచుల ఫొటోలను విడిగా, ఒక్కటీ వదలకుండా దించుకోవాలి. డొమైన్ మీ చేతికి వచ్చిన రోజున ఖాతాలో మీ సొంత ఈ-మెయిల్, మీ ఫోన్ నంబరు పెట్టి, రెండంచెల తనిఖీ ఆన్ చేసి, అప్పుడే అయిదేళ్లకు డబ్బు కట్టేయండి.