ఎగ్జాజరేట్ అనే క్రియ గురించి కల్యాణికి

చి. కల్యాణిని పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

బ్రిటన్‌లో నర్సు ఉద్యోగానికి నువ్వు ఓఈటీ అనే, వైద్యరంగం వాళ్ల ఇంగ్లీషు పరీక్ష రాయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు గర్వంతో పాటు గుబులు కూడా పట్టుకుంది. అందులో రోగి గురించి ఉత్తరం రాయడానికి ఇచ్చే 45 నిమిషాల్లో మొదటి 5 నిమిషాలు కేసు నోట్సు చదవడానికే పోతాయి కనుక గడియారం ఎదురుగా పెట్టుకుని సాధన చెయ్యి. నా భయమంతా ఒక్క క్రియ గురించే.

ఎగ్జాజరేట్ అంటే ఉన్నదాన్ని పెంచి చెప్పడం, గోరంతను కొండంత చేయడం. బొత్తిగా లేనిది చెబితే అది అబద్ధం. దీనిలో ఎంతో కొంత నిజం ఉంటుంది. ఈ పని మనుషులు చేస్తారు గాని నడక, దగ్గు చేయవు. కదిలితే నొప్పి ముదురుతుందనడానికి వాడేది ఎగ్జాసర్బేట్. మనం 'నొప్పి ఎక్కువ చేసింది' అన్నా, 'ఆవిడ మరీ ఎక్కువ చేస్తోంది' అన్నా ఒకే మాట వాడతాం కనుక మనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

మా వార్డులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి అలాగే పడింది. పొట్టలో కుడివైపు కింద నొప్పితో చేరిన ఒకావిడ బాత్రూముకు వెళ్తూ అడుగడుగుకూ గోడ పట్టుకుని ఆగిపోతుంటే, నడిస్తే నొప్పి ఎక్కువవుతోందని రాయబోయి 'పేషెంట్ ఎగ్జాజరేట్స్ పెయిన్ ఆన్ వాకింగ్' అని కేస్ షీటులో రాసి, డ్యూటీ దిగి వెళ్లిపోయింది. పొద్దున రౌండ్సుకు వచ్చిన డాక్టరు అది చదివి, ఆవిడ నటిస్తోందనుకుని, నొప్పికి మాత్ర రాసి పక్క మంచం దగ్గరకు నడిచాడు. సాయంత్రానికి పొట్ట చెక్కలా బిగిసింది. ఆపరేషన్ చేసి చూస్తే అపెండిక్స్ పగిలిపోయి ఉంది. ప్రాణం దక్కింది గాని చీము పట్టి ఆవిడ పడిన బాధ అంతా ఇంతా కాదు. చెయ్యి వేసి చూడని డాక్టరుది తప్పు కాదా అంటావు. కాదనను, కానీ ఆయన చేతిని ఆపింది ఆ వాక్యమే.

నొప్పి ఉందని రోగి ఎప్పుడు చెబితే అప్పుడు ఉన్నట్టేననీ, ఏది నొప్పి అంటే అదే నొప్పి అనీ మార్గో మెకాఫరీ అనే అమెరికన్ నర్సు 1968లోనే అన్నది. అందుకని 'పేషెంట్ రిపోర్ట్స్', అంటే రోగి చెబుతున్నది, అని మొదలుపెట్టి, 10కి ఎంత నొప్పి అని అడిగి, ఆవిడ చెప్పిన అంకె వెయ్యి. ఎగ్జాజరేటెడ్ రిఫ్లెక్సెస్ అని రాయడంలో మాత్రం తప్పులేదు. మోకాలి మీద సుత్తితో తడితే కాలు మామూలు కంటే గట్టిగా ఎగరడమే అది, అక్కడ నింద ఏమీ లేదు. స్పెల్లింగులో జీ అక్షరాలు రెండు, ఆర్ ఒక్కటే. పలికేటప్పుడు 'జా'ను నొక్కి పలకాలి.

రాసినదాన్ని తిరిగి చదవని అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఎన్నిసార్లు తిట్టినా పోలేదు. అయినా నీ చేతిలో రోగి భద్రంగా ఉంటారన్న నమ్మకం నాకుంది, లేకపోతే ఇంత చాటభారతం రాసేదాన్ని కాను. సాధన చేసిన ఉత్తరాల్లో రెండు ఈ ఆదివారంలోగా నాకు పంపు, దిద్ది పంపుతాను.

నీ పెద్దమ్మ