ప్రమాణానికీ పాస్‌పోర్టుకూ మధ్య

చి. మేనకోడలికి,

హనుమకొండ నుంచి అత్త ఆశీస్సులు. నువ్వు అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టావని మీ నాన్న మొన్న ఇంటికి వచ్చి చెప్పాడు. దగ్గరివాళ్లకెవరికో ఒంట్లో బాగా లేదని చెబుతున్నట్టు చెప్పాడు. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ల వరుస ఎంత పొడుగో నాకు తెలుసు. అన్నేళ్లు వీసా పొడిగింపుల మీద బతుకుతూ పిల్లవాణ్ని పెంచావు, ఇల్లు నిలబెట్టావు, కార్డు చేతికొచ్చాక మరో ఐదేళ్లు ఆగావు. ఇది నీ కష్టార్జితం. గర్వం తీరిన తర్వాత రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ నాన్న మీద కోపం తెచ్చుకోకు. నీ నిర్ణయం తప్పని ఆయన అనలేదు. "ఓటరు జాబితాలో దాని పేరు తీయించాలా అక్కా?" అని అడిగాడు, అంతే. బడిపంతులుగా ఎన్ని ఎన్నికల విధులు చేసినవాడు! బూత్‌లో కూర్చుని ఊరందరి పేర్లకూ టిక్కు పెట్టిన చేత్తో కూతురి పేరు కొట్టేయించాలంటే ఎవరికైనా కష్టమే. తీయించాలనే చెప్పాను. విదేశంలో ఉన్నా భారత పౌరురాలిగా ఉన్నన్నాళ్లు ఓటు ఉంటుంది. అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజుతో అది పోతుంది. మన రాజ్యాంగం 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం రెండూ చెప్పేది ఇదే. కోరి మరో దేశ పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది దానంతట అదే రద్దవుతుంది. ఈ మాట నువ్వే ఫోన్ చేసి ఆయనకు చెప్పు. నా నోట వినడం కంటే నీ నోట వింటే తేలికపడతాడు.

మనసులో తప్పు చేస్తున్నానన్న భావన ఏమైనా ఉంటే తీసెయ్యి. మన జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లను చూడు. ముప్పై ఏళ్లు చెమటోడ్చినా అక్కడ పౌరసత్వం ఊసే ఉండదు. పని పోయిందంటే పెట్టె సర్దుకోవాల్సిందే. అమెరికా కూడా మనవాళ్లకు ఊరికే తలుపు తెరవలేదు. మనవాళ్లు శ్వేతజాతీయులు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే పౌరసత్వం పొందినవాళ్ల దగ్గర్నుంచి కూడా వెనక్కి లాక్కున్నారు. అలా పోగొట్టుకున్నవాళ్లలో వైష్ణోదాస్ బగాయ్ ఒకరు. స్వదేశం చూసి వద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు, బ్రిటిష్ పాస్‌పోర్టు మీద వెళ్లమన్నారు. బ్రిటిష్ పాలన భరించలేకే దేశం వదిలినవాడాయన. 1928లో ఆ వేదనతోనే ప్రాణాలు తీసుకున్నాడు. 1946లో చట్టం మారితే గాని మనవాళ్లకు దారి దొరకలేదు. అందుకే పౌరసత్వం తీసుకునేటప్పుడు తలెత్తుకుని తీసుకో.

పౌరసత్వ పరీక్ష సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు 128 ప్రశ్నల పట్టిక, అందులోంచి 20 వరకూ అడుగుతారు, 12 చెప్పాలి. చిన్నప్పటి నుంచీ చదువులో ముందున్నదానివి, ఒక వారం కూర్చుంటే వచ్చేస్తుంది. వేలిముద్రలకు పిలిచిన రోజు వెళ్లు. ఇంటర్వ్యూకు పాత పాస్‌పోర్టులన్నీ పట్టుకెళ్లు.

దరఖాస్తులో రాసిన జవాబులు మాత్రం మళ్లీ ఒకసారి చదువుకో. ఐదేళ్లలో దేశం దాటిన ప్రతి ప్రయాణం తేదీ పాస్‌పోర్టు ముద్రలతో సరిపోవాలి. మీ అమ్మ మోకాలి ఆపరేషన్‌కు వచ్చి ఇక్కడ ఆగిపోతానంటే ఆరు నెలలు దాటనివ్వొద్దని నేను నిన్ను తరిమింది అందుకే. అప్పుడు నా మీద అలిగావు. ఆరు నెలలు మించి బయట ఉంటే అక్కడి నివాసం మధ్యలో తెగిందని అనుమానిస్తారు, ఏడాది అయితే తెగినట్టే. ఇంకొకటి, ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో కిటికీ అవతలి మనిషి ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే చూడకుండా అవునని టిక్కు పెట్టినవాళ్లు ఉన్నారు. పౌరులు కాకుండా ఓటరుగా నమోదైతే పౌరసత్వం మాట అటుంచి, దేశం నుంచి పంపించే వరకూ పోవచ్చు. నీ పేరు ఎక్కడైనా అలా చేరిందేమో ఇంటర్వ్యూకు ముందే చూసుకో. చేరి ఉంటే దాచకు, వెంటనే ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్లు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ మామయ్యే రాయమన్నారు, లేకపోతే ఆయన ముందు నేను ఎత్తేదాన్ని కాదు.

మేము అమెరికాలో ఉన్న 1990ల మాట. అప్పటికి విదేశీ పౌరులైన మనవాళ్లను వీసా లేకుండా రానిచ్చే ఓసీఐ కార్డు లేదు. దానికి ముందు వచ్చిన అలాంటిదే పీఐఓ కార్డు కూడా 1999లో గాని రాలేదు. మామయ్య ప్రమాణం చేసిన రోజు పెద్ద హాలు, చేతికి చిన్న కాగితం జెండా ఇచ్చారు. లోపలికి వెళ్లేటప్పుడే గ్రీన్ కార్డు తీసేసుకున్నారు, బయటికి వచ్చేటప్పుడు సర్టిఫికెట్ ఇచ్చారు. మర్నాడు ఆ అసలు సర్టిఫికెట్‌ను పాస్‌పోర్టు దరఖాస్తుకు జతచేసి పోస్టాఫీసులో ఇచ్చి వచ్చారు. ఇప్పటికీ మొదటి పాస్‌పోర్టుకు అసలుదే పంపాలి. త్వరగా కావాలంటే అదనపు రుసుము ఉంది. ఎక్కడికి వెళ్తాంలే, ప్రయాణం ఏదీ లేదుగా అని అది కట్టలేదు. డబ్బు మిగిలిందని ఆ రోజు ఐస్‌క్రీం కూడా తిన్నాం.

తర్వాత కొన్నాళ్లకే పరకాల నుంచి ఫోను. మా మామగారు పొలం గట్టు మీద పడిపోయారు, వరంగల్ తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు, మాట పడిపోయింది. మామయ్య టికెట్ల కోసం ఫోను తీసి, మళ్లీ పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు. చేతిలో గ్రీన్ కార్డు లేదు. సర్టిఫికెట్ పోస్టులో ఉంది. కొత్త పాస్‌పోర్టు ఎప్పుడొస్తుందో తెలియదు. బీరువాలో ఉన్న భారత పాస్‌పోర్టుకు ఇంకా గడువు ఉంది గాని, ప్రమాణం చేసిన క్షణం నుంచి అది ఆయనది కాదు. "దాని మీద ఎక్కెయ్యి, ఎవరు చూడొచ్చారు" అని స్నేహితుడొకడు సలహా ఇచ్చాడు. మామయ్య దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టారు. పొద్దుపోయేదాకా అది అక్కడే ఉంది. నేనే తీసి లోపల పెట్టి తాళం వేశాను. నేరం కావడం ఒకటి, తిరిగి రావడానికి ఏ కాగితమూ లేకపోవడం రెండోది. వెళ్లినవారు అటే ఉండిపోతే ఇద్దరు పిల్లలతో నేనేం కావాలి?

ఆ దరఖాస్తు ఎక్కడ ఉందో ఆచూకీ తీయడానికే రోజులు గడిచాయి. అది దొరికి, పాస్‌పోర్టు వచ్చి, ఆ తర్వాత మన కాన్సులేట్‌లో వీసా వేయించుకుని బయలుదేరారు. అప్పటికి మామగారు పోయారు. మరిది తలకొరివి పెట్టాడు. పెద్దకొడుకు పెద్దకర్మ నాటికి గుమ్మంలో అడుగుపెట్టాడు. మా అత్తగారు తిట్టలేదు, ఏడవలేదు. కాగితాల కథంతా విని, "అయితే ఆ రోజుల్లో నువ్వు ఈ దేశానికీ లేవు, ఆ దేశానికీ లేవు, అంతేనా నాయనా?" అని అడిగింది. ఆయన ఏం చెప్పగలరు? చట్టప్రకారం చూస్తే ఆ దేశ పౌరుడే. అక్కడ నిలబడ్డ మనిషికి చట్టం ఏం ఆనుతుంది?

మీ నాన్నకు 74 నిండాయి. రెండు స్టెంట్లు వేశారు. మీ అమ్మకు షుగరు ఎంతుందో నీకు నిజం చెబుతున్నారో లేదో నాకు నమ్మకం లేదు. అందుకని ఇది నీకు సలహా కాదు, నా ఆజ్ఞ అనుకో. ఇంటర్వ్యూ అయ్యాక, ప్రమాణానికి ముందు, వీలు చూసుకుని ఒకసారి వచ్చి వెళ్లు. భారత పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు రెండూ పనిచేసే రోజుల్లోనే అమ్మానాన్నల్ని కళ్లారా చూసి వెళ్లు. ఆ సమయానికే ప్రమాణం నోటీసు వస్తే కారణం రాసి తేదీ మార్చమని అడగవచ్చు. ఊరికే రెండోసారి మాత్రం మార్చకు. ప్రమాణం రోజునే, ఆలస్యం చేయకుండా, పాస్‌పోర్టుకు దరఖాస్తు ఇచ్చెయ్యి. త్వరితగతిన చేయడానికి అదనంగా 60 డాలర్లు, అది కట్టు. కొన్ని ఊళ్లలో ప్రమాణం జరిగే చోటే దరఖాస్తులు తీసుకుంటారు, ముందే కనుక్కో. సర్టిఫికెట్ పంపే ముందు స్కాన్ తీసి పెట్టుకో.

ఆ మధ్యలోనే ఏదైనా జరిగితే, జరగకూడదనే మొక్కుకుంటాను, పాస్‌పోర్టు ఏజెన్సీలో ప్రాణాపాయ పరిస్థితుల కోసం ప్రత్యేక అపాయింట్‌మెంట్లు ఇస్తారు. తల్లిదండ్రులు ఆ జాబితాలో ఉన్నారు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో, డాక్టరు సంతకంతో ఉత్తరం కావాలి. అది తీసుకోవడం ఇక్కడ మా పని, ఆ పూటే పంపుతాం. నువ్వు ఏడుస్తూ కూర్చోకుండా ఫోను తియ్యి. పాత పాస్‌పోర్టు మీద ఎక్కెయ్యమనే స్నేహితుడు ఈ కాలంలోనూ ఉంటాడు, వాడి మాట వినకు.

పాస్‌పోర్టు వచ్చాక భారత పాస్‌పోర్టును అప్పగించి పౌరసత్వం వదులుకున్నట్టు పత్రం తీసుకోవాలి. నాన్చితే జరిమానా. పాత పాస్‌పోర్టును రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు. నాది మూల కత్తిరించి ఇచ్చారు. అందులో నా తొలి వీసా, ఇరవై మూడేళ్ల వయసు ఫొటో ఉన్నాయి, భద్రంగా దాచుకున్నాను. నువ్వూ పారేయకు. తర్వాత ఓసీఐ. 2006లో మన హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్‌లో, ఈ పథకాన్ని మొదలుపెట్టారు. జీవితకాలపు వీసా లాంటిదే గాని రెండో పౌరసత్వం కాదు. ఓటు, ప్రభుత్వ ఉద్యోగం ఉండవు. నేనూ మామయ్యా ఇక్కడ ఉంటున్నది దాని మీదే. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర నన్నెవరూ కార్డు చూపమనలేదు. పోలింగ్ రోజున మాత్రం వీధిలో అందరూ వేలికి సిరాతో తిరుగుతుంటే కొంచెం చివుక్కుమంటుంది. అది నీకూ ఉంటుంది, ముందే చెబుతున్నాను. దానికి బదులుగా అక్కడి ఓటును ఒక్కటి కూడా వదలకు, స్కూల్ బోర్డు ఎన్నికైనా సరే.

పొలం గురించి మీ నాన్న కంగారు పడుతున్నాడు. వ్యవసాయ భూమిని నువ్వు కొనలేవు, ఆయన నీకు గిఫ్టుగా రాయకూడదు. అయితే విదేశంలో స్థిరపడ్డవాళ్లందరికీ ఇదే నియమం, పౌరసత్వం మారినందుకు కొత్తగా వచ్చేది ఏమీ లేదు. వారసత్వంగా మాత్రం వస్తుంది, అమ్మాలనుకుంటే ఇక్కడ నివసించేవాళ్లకే అమ్మాలి. ఆయనతో నీకున్న ఉమ్మడి బ్యాంకు ఖాతా సంగతి గుర్తుందా? విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ఖజానాకు తెలపాలి.

పేరు మార్చుకునే అవకాశం ఆ దరఖాస్తులోనే ఇస్తారు. ఆఫీసులో పలకడం రాదని కుదించుకోకు. నీ పదో తరగతి మెమో, మీ నాన్న పట్టాదారు పాసుపుస్తకం, పెళ్లి సర్టిఫికెట్, అన్నింట్లో ఒకే పేరు ఉండటం ఎంత మేలో రేపు తహసీల్దారు ఆఫీసులో నిలబడితే తెలుస్తుంది. ఆ పేరు మా అమ్మది. నీకు పెట్టాలని పట్టుబట్టింది నేనే.

ప్రమాణంలో పరాయి రాజ్యాలన్నింటికీ విధేయత వదులుకుంటున్నానని చదవాలి. ఆ వాక్యం దగ్గర నా గొంతు ఆగింది. నీదీ ఆగితే ఆగనీ, పక్కవాళ్లందరిదీ అదే పరిస్థితి. ఊపిరి తీసుకుని పూర్తి చెయ్యి. మనస్ఫూర్తిగా చెప్పు. సగం మనసుతో చెప్పి ఆ దేశాన్నీ, మనల్నీ చిన్నబుచ్చకు.

బాబుకు పద్దెనిమిదేళ్లు నిండలేదు, గ్రీన్ కార్డు మీద నీ దగ్గరే ఉంటున్నాడు కాబట్టి నీ ప్రమాణంతో వాడికీ పౌరసత్వం వచ్చేస్తుంది. వాడి పాస్‌పోర్టు, తర్వాత ఓసీఐ కూడా వెంటనే పెట్టు. వాడు ఇక్కడ పుట్టినప్పుడు జనన ధ్రువపత్రంలో నీ పేరు తప్పు పడిందని ఒకసారి అన్నావు గుర్తుందా? సవరణ చేయించారో లేదో మీ నాన్నకు జ్ఞాపకం లేదంటున్నాడు. సోమవారం నేనూ ఆయనా కలిసి కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్తున్నాం. నీ పాస్‌పోర్టులో పేరు అక్షరం పొల్లుపోకుండా ఎలా ఉందో ఈ రాత్రికి ఫొటో తీసి పంపు.

అత్త