ముందు తూకం, తర్వాత బేరం

ప్రశ్న: మాస్టారూ, మాది రాయగడ. నా బరువు 72 కిలోలు. ఏడాదిగా ఇంజన్ లేని హ్యాంగ్ గ్లైడర్ (కింద వేలాడుతూ ఎగిరే గుడ్డ రెక్క) నడుపుతున్నాను. ఇప్పుడు ఇంజన్ బిగించిన హార్నెస్ (మనిషి రెక్కకు వేలాడే పట్టీల తొడుగు), ఒక పాత రెక్క కొందామని ఉంది. ఏం చూసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, ముందు తూకం వేసుకో. ఇంజన్ హార్నెస్ దాదాపు 30 కిలోలు, ఐదు లీటర్ల పెట్రోలు నాలుగు, పారాచూట్, హెల్మెట్, బట్టలు ఇంకో నాలుగు. నీ బరువుతో కలిపితే 110. రెక్క మోయగల బరువు పరిమితిలో ఈ మొత్తం ఇమడాలి, నీ 72 కాదు. వేగం కోసం ఆశపడకు, చాలావరకు ఒకే పొర గుడ్డతో ఉండే నిదానమైన సింగిల్ సర్ఫేస్ రెక్క చాలు.

పాత రెక్కలో నేను మోసపోయింది దాన్ని బిగించి పట్టే ఉక్కు తీగల దగ్గర. గుడ్డ తళతళలాడుతుంటే మురిసిపోయి కొన్నాను. జయపురం ఇంటికి తెచ్చి, పక్క తీగల వెంట పాత పంచె ముక్కతో తుడుస్తుంటే ఒకచోట దారం పట్టుకుంది. తీగ పోగులు తెగి ఉన్నాయి! అమ్మినాయన ఫోను ఎత్తలేదు. అందుకే నువ్వు డబ్బివ్వకముందే గుడ్డముక్కతో తుడిచి చూడు. ఆ పని చేతివేళ్లతో చేయకు, గుచ్చుకుంటాయి.

మా కొరాపుట్ వైపు వచ్చి ఎగరాలనుకుంటే, అది సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. గాలి పలచన, ఇంజన్ బలం తగ్గుతుంది, ఎండలో మరీను. కింద మైదానంలో పరుగెత్తినదానికంటే ఎక్కువ దూరం పరుగెత్తాలి. తెల్లవారుజామునే మొదలుపెట్టు.

ఈ ఇంజన్ టూస్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ పాళ్లు తయారీదారు పుస్తకంలో ఉన్నట్టే కలుపు. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలు కొనేముందే చదువు.