ద్రవ్యవేగాన్ని కొలిచారా, లెక్కగట్టారా?

సందేహం: పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే అయినా ధనావేశం గల కణం) గురించిన ఒక వ్యాసంలో ‘అయస్కాంత క్షేత్రంలో కణం ద్రవ్యవేగాన్ని కొలిచారు’ అని ఒకచోట, ‘లెక్కించారు’ అని మరోచోట ఉంది. ఏది సరైనది? ‘అయస్కాంత క్షేత్రం కణం వేగాన్ని మార్చదు’ అనవచ్చా?

సమాధానం: ద్రవ్యవేగం (మొమెంటమ్) అంటే కణం ద్రవ్యరాశి, వేగాలను బట్టి ఉండే రాశి. ముందు అక్కడ జరిగిన పనేమిటో చూడాలి. 1932 ఆగస్టులో కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రవేత్త కార్ల్ ఆండర్సన్ తీసిన, పాజిట్రాన్‌ను పట్టిచ్చిన ఫొటోలో కనిపించేది ఒక సన్నని వంకర గీత. క్లౌడ్ చాంబర్ అనే ఆవిరి నిండిన పెట్టెలో కణం వెళ్లిన దారి వెంట ఏర్పడిన తుంపరల జాడ అది. ఆ దారిని వంచిన అయస్కాంత క్షేత్రం బలం 15,000 గాస్. ఆ గీత ఏ వృత్తంలో ముక్కో చూస్తే, వ్యాసార్ధం సుమారు 14 సెంటీమీటర్లు. కొలిచింది ఈ వంపునే. క్షేత్ర బలాన్ని, వ్యాసార్ధాన్ని, కణం ఆవేశాన్ని కలిపి గుణిస్తే ద్రవ్యవేగం వస్తుంది.

ఆ ఆవేశం ఎంతో గీతలో రాసి ఉండదు. ఎలక్ట్రాన్‌కు ఉన్నంతే అనుకుంటే ఒక జవాబు వస్తుంది. అదే వంపును రెట్టింపు ఆవేశం గల ఆల్ఫా కణం గీసి ఉంటే ద్రవ్యవేగమూ రెట్టింపవుతుంది. ఇక ఆవేశం ధనమా, రుణమా? ఎదురు దిశలో వెళ్లే మామూలు ఎలక్ట్రాన్ కూడా అలాంటి గీతనే గీస్తుంది. అందుకే ఆండర్సన్ చాంబర్ మధ్యలో పెట్టిన 6 మిల్లీమీటర్ల సీసపు పలక అంటే నాకు ఎంతో గౌరవం. పలకకు ఒకవైపు వ్యాసార్ధం 14 సెంటీమీటర్లుంటే, రెండోవైపు 5 దాకా పడిపోయింది. పలకను దాటుతూ కణం శక్తి కోల్పోతుంది, శక్తి కోల్పోయినవైపే వంపు ఎక్కువ కనుక కణం ఎటు నుంచి ఎటు వెళ్లిందో తేలింది. దిశ తెలిశాకే అది ధనావేశమని చెప్పగలిగాడు.

ఇంత ఊహ, తర్కం ఇమిడిన పనిని ‘కొలిచారు’ అనే ఒక్క మాటతో ముగిస్తే పాఠకుడికి అసలు సంగతి అందదు. అయినా ఆ మాట తప్పనను. ‘పొలం కొలిచారు’ అంటాం. గొలుసు పట్టి కొలిచేది పొడవు వెడల్పులనే, ఎకరాలు లెక్కలో తేలతాయి. సంగ్రహంగా చెప్పేచోట ‘కొలిచారు’ చాలు. పద్ధతిని వివరించేచోట మాత్రం ‘దారి వంపును కొలిచి, ద్రవ్యవేగాన్ని లెక్కగట్టారు’ అని రాయాలి. ‘లెక్కించారు’ వాడుకలో ఉన్నదే కానీ, ఓట్లు లెక్కించినట్టు ఎన్ని ఉన్నాయో చూడటం అనే అర్థం దానికి బలంగా ఉంది. కణాలను నిజంగానే లెక్కపెట్టే శాస్త్రంలో ఆ తికమకను తప్పించడమే మేలు.

రెండో వాక్యాన్ని దిద్దక తప్పదు. మన పాఠ్యపుస్తకాలు వడినీ వేగాన్నీ వేరుచేశాయి. దిశ కూడా చేరితేనే వేగం. అయస్కాంత క్షేత్రం కణాన్ని పక్కకు తిప్పుతుందే గాని దాని వడిని పెంచదు, తగ్గించదు. దిశ మారుతోంది కనుక వేగమూ, దానితో ద్రవ్యవేగమూ మారుతూనే ఉంటాయి. కాబట్టి ‘అయస్కాంత క్షేత్రం కణం వడిని మార్చదు’ అని ఉండాలి.