కోపం వచ్చిన చోటు నుంచి రాయి

చిరంజీవి తమ్ముడికి,

‘ఫ్రీరెన్’ అనే జపనీస్ యానిమే (బొమ్మల సీరియల్) మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ బలాలు ఐదు, బలహీనతలు ఐదు, చివర ఐదుకు నాలుగుంపావు మార్కులు చూడగానే ఒళ్లు మండింది. యమదా కనెహితో అనే రచయిత రాయగా, అబె త్సుకాసా బొమ్మలు గీసిన కథ అది. వెయ్యేళ్లకు పైగా బతికిన ఎల్ఫ్ జాతి మాంత్రికురాలు ఫ్రీరెన్, తనతో పదేళ్లు ప్రయాణించిన వీరుడు హిమ్మెల్ చనిపోయాక మనుషుల్ని తెలుసుకోవడానికి మళ్లీ బయల్దేరే కథ. సైతో కెయిచిరో దర్శకత్వంలో మ్యాడ్‌హౌస్ స్టూడియో వాళ్లు దాని మొదటి సీజన్‌ను 28 భాగాలుగా తెరకెక్కించారు. దాన్ని పరీక్ష పేపరులా దిద్దమని నిన్నెవరు అడిగారు?

ఎవరు అడుగుతారో నాకు తెలుసు. నేను వారపత్రికకు సినిమా సమీక్షలు రాసే రోజుల్లో ఒక్క దృశ్యం గురించి రెండు పేజీలు రాశాను. దాన్ని మళ్లీ చూడటానికి టికెట్టు డబ్బులు అప్పు తెచ్చుకున్నాను. ఎడిటరుగారు ఆ రెండు పేజీలూ కొట్టేసి, ‘ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు’ అని ఒక పెట్టె కట్టి, కింద చుక్కలు వేసి అచ్చుకు పంపారు. చూడాలా వద్దా అన్నది చెబితే పాఠకుడికి చాలునట. ఆ పెట్టె తెలుగు సమీక్షను ఎదగనివ్వలేదు. దాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. ఇప్పుడు నీ వయసు పిల్లలు ఎవరూ అడగకపోయినా తామే ఆ పెట్టె కట్టుకుంటున్నారు. నా బాధంతా అదే.

నీ నాలుగో పేజీలో ఒక మాట ఉంది: ‘హిమ్మెల్ అంత్యక్రియల్లో ఫ్రీరెన్ ఏడ్చినప్పుడు నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. పదేళ్లు పక్కనే నడిచింది కదా, అప్పుడేం చేసింది?’ అది చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. ఆ వెంటనే ‘ఇది నా వ్యక్తిగత అభిప్రాయం, క్షమించాలి’ అని ఎందుకు రాశావు? వ్యాసం మొత్తంలో నువ్వు నీ కళ్లతో చూసింది ఆ ఒక్కచోటే. ఫ్రీరెన్ కూడా అక్కడ తనను తాను అదే అడుగుతుంది. మనుషుల ఆయుష్షు తక్కువని తెలిసి కూడా అతన్ని తెలుసుకోవాలని ఎందుకు ప్రయత్నించలేదని ఏడుస్తుంది. ఆ తర్వాతి ప్రయాణమంతా ఆ ప్రశ్న వెంటే సాగుతుంది. నీ వ్యాసం ఆ కోపంతో మొదలుకావాలి. ముందు మనసులో ఏం జరిగిందో పట్టుకో. దానికి కారణం తెర మీద ఎక్కడుందో తర్వాత వెతుకు. విమర్శ రాయడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

అలా వెతికి ఉంటే ‘కథనం నెమ్మది’ అని బలహీనతల్లో రాసేవాడివి కాదు. మొదటి భాగంలోనే యాభై ఏళ్లు కొన్ని దృశ్యాల్లో దాటిపోతాయి. ఉల్కలు చూడటానికి మళ్లీ కలుద్దామని యువకుడైన హిమ్మెల్‌తో చెప్పి వెళ్లిన ఆమె, తిరిగొచ్చేసరికి అతను ముసలివాడు. ఇంత వేగంగా నడిచే కథలు ఎన్ని ఉన్నాయి? ఆ కథే కొత్త సంవత్సరం నాటి సూర్యోదయం దగ్గర తీరిగ్గా ఆగుతుంది. పాత ప్రయాణంలో ఫ్రీరెన్ నిద్ర లేవక, స్నేహితులతో కలిసి చూడకుండా పోగొట్టుకున్న ఉదయం అది. ఈసారి శిష్యురాలు ఫెర్న్ ఆమెను లేపి తీసుకెళ్తుంది. ఎక్కడ పరుగెత్తుతుందో, ఎక్కడ నిలబడుతుందో గమనించకుండా నెమ్మది అనేస్తే ఎలా?

క్వాల్ అనే రాక్షసుడి ఉదంతాన్ని ‘మంచి పోరాటం’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నాకు ఈ సిరీస్‌లో అన్నిటికంటే ఇష్టమైన ఊహ అది. ఒకప్పుడు ఎందరినో చంపిన అతని మంత్రాన్ని, అతను బందీగా ఉన్న ఎనభై ఏళ్లలో మాంత్రికులు విప్పి చూసి నేర్చేసుకున్నారు. అతను బయటికొచ్చేసరికి అది సాధారణ దాడి మంత్రం! ఫెర్న్ దాన్ని అడ్డుకుంటుంది. కాలం గడవడమంటే ఏమిటో అంత్యక్రియలు ఒకలా చెబితే, ఈ పోరాటం మరోలా చెప్పింది.

అసలు లోపం నీ జాబితాలో లేనే లేదు. ఎదుటివారిని అర్థం చేసుకోవడమే ప్రాణమైన ఈ కథ, రాక్షసుల దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసేస్తుంది. వాళ్లకు మాట అంటే మనుషుల్ని మోసం చేసే సాధనమేనట. ‘అమ్మా’ అని పిలిచి ప్రాణం దక్కించుకున్న రాక్షస బాలిక, తనను చేరదీసిన గ్రామపెద్దనే చంపుతుంది. ఏడో భాగంలోని ఆ ఉదంతం భయంకరంగా, బిగువుగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఒక జాతి మొత్తానికి లోపల ఏమీ ఉండదని ముందే తేల్చేస్తే, తెలుసుకోవాలన్న తపనకు అక్కడ చోటేది? దీని మీద నీతో వాదించాలని ఉంది.

18వ భాగం నుంచి దాదాపు చివరిదాకా సాగే మాంత్రికుల పరీక్షను నువ్వు తెగ మెచ్చుకున్నావు. నాకు నచ్చలేదు. కొత్త ముఖాలు, జట్లు, పోటీలు వచ్చిపడి ఫ్రీరెన్‌ను పక్కకు నెట్టేశాయి. పోటీ పెట్టకపోతే ప్రేక్షకుడు నిలవడన్న భయం ఇప్పుడు ప్రతి కథకూ పట్టుకుంది. చివర్లో సేరియె అనే ఎల్ఫ్ మాంత్రికురాలు ముఖాముఖిలో ఇష్టమైన మంత్రం ఏదని అడిగితే, పూలతోట పూయించే మంత్రమని ఫ్రీరెన్ చెప్పే ఆ కాసేపూ మాత్రం పాత కథ తిరిగొచ్చింది.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకంగా వస్తుందా అని అడిగావు. ముందు వ్యాసం తిరగరాయి. మార్కులు, జాబితాలు తీసెయ్. క్షమాపణ వాక్యం కొట్టెయ్. అన్నట్టు, హిమ్మెల్ మోకరిల్లి ఫ్రీరెన్‌కు ఉంగరం తొడిగే దృశ్యం 12వ భాగంలో ఉందని రాశావు. అది 14వ భాగంలో ఉంది. సరిచేసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య